సీటు సంగతి ఎవరికి పట్టింది?

మూడు దశాబ్దాలకు పైగా ఢిల్లీలో రాజకీయ వార్తలు రాస్తున్నవాడికి 'సీటు' అన్న మాట వినగానే మనసులో మెదిలే అర్థం ఒక్కటే. ఎవరికి దక్కింది, ఎవరికి చేజారింది, పొత్తులో ఎవరెన్ని వదులుకున్నారు, తెల్లవారేసరికి జాబితాలో ఎవరి పేరు మాయమైంది. అందుకే గత శీతకాలంలో ప్రోస్టేట్ శస్త్రచికిత్స అనంతరం వైద్యుడు నా కాగితాలు తిరగేస్తూ "ముందు మీ సీటు సంగతి చూసుకోండి" అన్నప్పుడు నాకు క్షణకాలం అర్థం కాలేదు. ఆయన మాట్లాడుతున్నది నా సైకిల్ సీటు గురించి. ఆరు వారాలు సైకిల్ ముట్టవద్దని, ఆ తర్వాత కూడా పాత సీటు మీద కూర్చోవద్దని ఆయన సలహా.

పక్క మంచం మీద ఉన్న వ్యక్తికీ అదే శస్త్రచికిత్స జరిగింది. ఆయనది బిహార్‌లోని మధుబని ప్రాంతం. దక్షిణ ఢిల్లీలో ఒక కాలనీకి రాత్రి కాపలాదారు. గది నుంచి కాలనీ గేటు దాకా పదకొండు కిలోమీటర్లు, రానూ పోనూ ఇరవై రెండు. ఆయనకూ వైద్యుడు అదే ఆరు వారాల గడువు చెప్పాడు. "ఆరు వారాలా డాక్టర్ సాబ్? ఆరు రోజులనండి, ఎలాగో సర్దుకుంటాను" అన్నాడాయన. వార్డులో అందరం నవ్వాము. ఆయన మాత్రం నవ్వలేదు.

ఇంటికి వచ్చి ఆ ఆరు వారాలూ నేను సీటు గురించి చదివాను. దేశ రాజకీయాల్లో సైకిల్‌కు దక్కినంత గౌరవం మరే వాహనానికీ దక్కలేదు. అది పార్టీలకు గుర్తు, ప్రభుత్వాలకు పథకం, నాయకులకు నిరాడంబరతకు నిదర్శనం. అయినా సైకిల్ మీద కూర్చునే మనిషి ఎక్కడ కూర్చుంటున్నాడో, కూర్చుంటే అతనికి ఏమవుతుందో ఆలోచించిన దాఖలాలు చాలా తక్కువ. సీటు చరిత్ర నిజానికి ఎవరి శరీరాన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరి శరీరాన్ని విస్మరించారు అన్న చరిత్ర.

1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ రెండు చక్రాల మీద ఒక కొయ్య దూలాన్ని నిలిపి, కాళ్లతో నేలను తంతూ ముందుకు సాగినప్పుడు ఆయన కళ్ల ముందున్న నమూనా గుర్రమే. అందుకే ఆ యంత్రానికి కూడా జీను లాంటి ఆసనమే అమరింది. తెలుగులో మనం గుర్రానికి జీను అనీ, సైకిల్‌కు సీటు అనీ వేరువేరు మాటలు వాడుకుంటున్నాం కానీ, ఇంగ్లీషువాడు నేటికీ రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాడు. గుర్రం మీద కూర్చునేవాడు తొడలతో పట్టు బిగిస్తాడు, బరువును రికాబుల మీద పంచుతాడు. సైకిల్ తొక్కేవాడు నిమిషానికి అరవై డెబ్భై సార్లు కాళ్లు ఆడిస్తూ గంటల తరబడి ఒకే చోట ఒరుసుకుంటాడు. జీనును సీటుగా మార్చడానికి లోకానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఆ మార్పుతో ముడివడిన పేరు జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1866లో గుర్రపు సామగ్రి, తోలు వస్తువుల వ్యాపారం మొదలుపెట్టిన వ్యక్తి. తన గుర్రం చనిపోయిన తర్వాత అరువు సైకిల్ మీద పనికి వెళ్లవలసివచ్చి, ఆ ఆసనం పెట్టిన బాధ భరించలేక కొత్త సీటు తయారీకి పూనుకున్నాడని ఆ సంస్థ చెప్పుకొనే కథ. 1882లో ఆయన సీటుకు పేటెంట్ కోరాడు. ఇనుప చట్రానికి ముందూ వెనుకా బిగించి, మధ్యలో ఊయలలా వేలాడదీసిన మందపాటి తోలు దాని రహస్యం. కొన్ని నెలల వాడకంలో ఆ తోలు తొక్కేవాడి ఎముకల అచ్చుకు తగినట్టు ఒదిగిపోతుంది. 1885లో స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిల్, 1888లో డన్‌లప్ తెచ్చిన గాలి టైరు దీనికి తోడయ్యాయి. నేడు మన ఊళ్లలో తిరిగే నల్ల సైకిల్ రూపురేఖలు ఆ దశాబ్దంలోనే స్థిరపడ్డాయి.

సీటు రాజకీయం కూడా ఆ వెంటనే మొదలైంది. 1890లలో యూరప్, అమెరికాల్లో స్త్రీలు పెద్ద సంఖ్యలో సైకిల్ ఎక్కగానే వైద్యులు, మతపెద్దలు, పత్రికలు సీటు ముందరి మొన చుట్టూ పెద్ద వివాదం లేవదీశారు. స్త్రీ ఆరోగ్యానికి హాని అన్నవారు కొందరు, నైతికతకే ప్రమాదం అన్నవారు మరికొందరు. ఈ గొడవ నుంచి ఒక మేలు కూడా జరిగింది. మధ్యలో ఖాళీ వదిలి, రెండు ఎముకల కింద రెండు మెత్తలు అమర్చిన క్రిస్టీ సీటు వంటివి 'ఆరోగ్య సీట్లు'గా మార్కెట్‌లోకి వచ్చాయి. శరీరం బరువు ఎముకల మీద పడాలి, మధ్యనున్న మెత్తని భాగం మీద కాదు అన్న సూత్రం అప్పటికే తెలిసిపోయింది. స్త్రీలను సైకిల్ మీది నుంచి దించాలన్న పట్టుదల చల్లారాక ఆ సూత్రం కూడా మరుగున పడింది.

మన ఉపఖండానికి సైకిల్ వచ్చింది దొరల వాహనంగా. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ర్యాలీ, హంబర్, బీఎస్‌ఏ, హెర్క్యులస్ సైకిళ్లు ఓడల మీద దిగుతుండేవి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పోస్ట్‌మన్‌లు, పాలవాళ్లు క్రమంగా వాటిని తమవి చేసుకున్నారు. పురపాలక సంఘాలు సైకిల్‌పై పన్ను వేసి బిళ్లలు ఇచ్చాయి. దీపం లేకుండా తొక్కినా, డబుల్స్ ఎక్కించుకున్నా జరిమానా తప్పేది కాదు. తెలుగునాట అల్లుడి కోరికల చిట్టాలో వాచీ, రేడియోల సరసన సైకిల్ చాలాకాలం నిలిచింది. పొట్టి కాళ్ల పిల్లలు నిలువెత్తు సైకిల్ చట్రం మధ్య నుంచి కాలు దూర్చి 'కాంచీ' తొక్కేవారు. సీటు ఎక్కడం వారికి యౌవనంలోకి అడుగుపెట్టడం లాంటిదే. ఆ సీటు ఎత్తు ఊళ్లో అందరికీ అందేది కాదు. అనేక గ్రామాల్లో దళితుడు సైకిల్ కొనుక్కోవచ్చు కానీ, అగ్రకులాల వీధి రాగానే దిగి నడిపించుకుపోవాలి. సైకిల్ ఉండడం నేరం కాదు, దాని సీటు మీద కూర్చుని తలెత్తుకుని వెళ్లడం నేరం. మన దేశంలో సీటు తొలి రాజకీయ పాఠం ఇదే.

రెండో పాఠం దేశ విభజన నేర్పింది. పశ్చిమ పంజాబ్‌లోని కమాలియా నుంచి వచ్చిన ముంజాల్ సోదరులు అమృత్‌సర్‌లో, ఆ తర్వాత లుధియానాలో సైకిల్ విడిభాగాల వ్యాపారం చేసేవారు. వారికి తెలిసిన కరీమ్ దీన్ అనే వ్యాపారి సైకిల్ సీట్లు తయారుచేసి తన సొంత బ్రాండు పేరుతో అమ్మేవాడు. విభజన వేళ ఆయన పాకిస్థాన్ వెళ్లిపోతూ వీడ్కోలు చెప్పడానికి వచ్చినప్పుడు, ఆ పేరును తాము వాడుకోవచ్చా అని ఓంప్రకాశ్ ముంజాల్ అడిగారని, ఆయన సరేనన్నారని ఆ కుటుంబం చెప్పే కథనం. ఆ పేరు 'హీరో'. 1956లో లుధియానాలో హీరో సైకిల్స్ మొదలైంది. 1986 నాటికి ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారుచేసే సంస్థగా గిన్నిస్ పుస్తకంలో చోటు సంపాదించుకుంది. కోట్లాది సైకిళ్ల మీద మెరిసిన ఆ పేరు మొదట ఉన్నది ఒక సీటు మీద. దాన్ని కుట్టించినవాడు సరిహద్దు దాటి వెళ్లిపోయాడు. విభజన గురించి మనం రాసుకున్న వేలాది పుటల్లో ఈ చిన్న ఇచ్చిపుచ్చుకోలుకు దక్కిన చోటు చాలా తక్కువ.

స్వాతంత్ర్యానంతరం విదేశీ సైకిళ్లను సుంకాలతో కట్టడి చేసి, స్వదేశీ పరిశ్రమను ప్రభుత్వం ప్రోత్సహించింది. మద్రాసు సమీపంలోని అంబత్తూరులో టీఐ సైకిల్స్, ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ, సోనీపత్‌లో అట్లాస్ వెలిశాయి. పారిశ్రామిక విధానంగా అది విజయమే. గ్రామీణ భారతానికి చవకగా గట్టి సైకిల్ అందింది. అయితే ఆ గట్టిదనం కొలమానం బరువు. వెనుక క్యారియర్ మీద గ్యాస్ బండో, పాల క్యాన్లో, నలుగురి కుటుంబంలో ముగ్గురో ఎక్కినా చట్రం విరగకూడదు. ఖరీదైన తోలు స్థానంలో రెక్సిన్ వచ్చింది, కింద స్ప్రింగులు మిగిలాయి. స్ప్రింగు సీటు నిజానికి చెడ్డదేమీ కాదు. నిటారుగా కూర్చుని తొక్కేవాడికి వెడల్పాటి స్ప్రింగు సీటే సరైనది. చిక్కల్లా అది పాతబడినప్పుడు మొదలవుతుంది. మధ్యభాగం కుంగిపోయి, ముందరి మొన పైకి లేస్తుంది. అప్పుడు బరువంతా ఎముకలను వదిలి, నరాలు, రక్తనాళాలు సాగే మెత్తని చోట పడుతుంది. శస్త్రచికిత్స చేయించుకున్న శరీరానికి అది మానని పుండును రోజూ కెలికినట్టే.

ఇక సైకిల్ రాజకీయ వైభవం చూడండి. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన సంగతి తెలుగువారికి తరతరాల జ్ఞాపకం. 1982లో పుట్టిన తెలుగుదేశం సైకిల్ గుర్తు మీద 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. 1992లో ఏర్పడిన సమాజ్‌వాదీ పార్టీదీ అదే గుర్తు. 2017 జనవరిలో తండ్రీకొడుకుల మధ్య ఆ గుర్తు కోసం ఎన్నికల సంఘం ముందు వ్యాజ్యమే నడిచి, చివరకు అది అఖిలేశ్ వర్గానికి దక్కింది. ఆ వారమంతా మేము అశోకా రోడ్డులోని నిర్వాచన్ సదన్ గేటు ముందు పడిగాపులు కాశాము. ఆ గుంపులో టీ అమ్ముతున్న కుర్రవాడు సైకిల్ మీదే వచ్చేవాడు. అతని సీటుకు నైలాన్ తాడు చుట్టి ఉండేది. అప్పుడు నేను దాన్ని చూశాను కానీ గమనించలేదు.

పథకాల చరిత్ర ఇంకా గొప్పది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల ఆరంభంలో, షీలా రాణి చుంకత్ కలెక్టర్‌గా ఉన్న కాలంలో, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా గ్రామీణ మహిళలు వేల సంఖ్యలో సైకిల్ నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ తన నివేదికల్లో నమోదు చేసిన ఒక వివరం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. లేడీస్ సైకిళ్లు దొరకనప్పుడు వారు మగవారి సైకిళ్లనే ఎక్కారు. కొందరైతే అవే నయమన్నారు, ఎందుకంటే సీటుకూ హ్యాండిల్‌కూ మధ్యనున్న కమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. 2006లో బిహార్ తొమ్మిదో తరగతి బాలికలకు సైకిల్ కోసం రూ. 2,000 ఇవ్వడం మొదలుపెట్టింది. ఉన్నత పాఠశాలల్లో బాలికల చేరికలు దాని వల్ల 32 శాతం పెరిగాయని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్‌ల అధ్యయనం తేల్చింది. పశ్చిమ బెంగాల్‌లో 'సబుజ్ సాథీ', ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' అదే బాటలో నడిచాయి. ఇవి దేశ సాంఘిక చరిత్రలో నిలిచిపోయే చర్యలు. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పుదుక్కోట్టై తల్లులు కమ్మీని బిడ్డకు ఆసనంగా మలచుకున్నట్టే, మన దేశంలో ప్రతి సైకిల్‌నూ తొక్కేవారే తమ శరీరానికి తగ్గట్టు మలచుకోవలసివస్తోంది. ఇచ్చినవారి బాధ్యత పంపిణీ వేదిక దగ్గరే ముగుస్తోంది.

ఇదే కాలంలో మరో దేశంలో ఏం జరిగిందో గమనించాలి. 1997లో బోస్టన్‌కు చెందిన మూత్రవ్యవస్థ వైద్య నిపుణుడు ఇర్విన్ గోల్డ్‌స్టీన్ సైకిల్ సీటు పురుషుల రక్తప్రసరణను దెబ్బతీస్తోందని బహిరంగంగా హెచ్చరించారు. సైకిల్ పరిశ్రమ మండిపడింది, ఆ తర్వాత మధ్యలో ఖాళీ ఉన్న సీట్లు తయారుచేసి అమ్ముకుంది. నూరేళ్ల కిందటి క్రిస్టీ సూత్రమే కొత్త ముఖంతో తిరిగివచ్చింది. సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులు తిమ్మిరి గురించి ఫిర్యాదు చేయగా, అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ రంగంలోకి దిగింది. అయిదు నగర ప్రాంతాలకు చెందిన 90 మంది పోలీసులకు మొన లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు పరిశీలించింది. తిమ్మిరి లేదన్నవారు 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారని 2008లో ప్రకటించింది. ఉద్యోగి శరీరం యజమాని బాధ్యత అన్న భావన ఆ పరిశోధనకు ప్రాతిపదిక.

మన దగ్గర? ఏడో వేతన సంఘం సైకిల్ అలవెన్సును రద్దు చేయమంది. 2017లో కేంద్ర మంత్రివర్గం ఆ సిఫార్సును పక్కన పెట్టి, పోస్ట్‌మన్‌లకు, రైల్వే ట్రాక్‌మన్‌లకు దాన్ని నెలకు రూ. 90 నుంచి రూ. 180కి పెంచింది. రెట్టింపు చేశామన్నది శీర్షిక. నేనూ ఆ వార్త అలాగే రాశాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. వ్యవసాయం, గృహ పరిశ్రమలు మినహా ఇతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం సైకిల్ మీదే వెళుతున్నారు. ఇంతమంది కూర్చునే ఆసనం మన విధాన పత్రాల్లో 'విడిభాగం' మాత్రమే.

ఆరు వారాలు గడిచాక నేను ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్‌కు వెళ్లాను. మొదటి దుకాణదారు పరుపులాంటి జెల్ సీటు చేతికిచ్చాడు. బొటనవేలితో నొక్కితే హాయిగా ఉంది. కానీ మెత్తదనం మోసం చేస్తుంది. ఎముకలు అందులో దిగబడి, మధ్యభాగం పైకి ఉబికి, ఏ చోటును కాపాడుకోవాలో అక్కడే ఒత్తిడి పెరుగుతుంది. రెండో దుకాణంలో ఒక వృద్ధ మెకానిక్ నన్ను అట్టపెట్టె ముక్క మీద కూర్చోమన్నాడు. లేచి చూస్తే రెండు గుంటలు పడ్డాయి. వాటి మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, "సీటు దీనికన్నా కాస్త వెడల్పుండాలి, అంతే" అన్నాడు. చివరకు నేను కొన్నది వెడల్పాటి, కాస్త గట్టి, నడుమ లోతైన చాలు ఉన్న విదేశీ సీటు. హ్యాండిల్‌ను పైకెత్తించి నిటారుగా కూర్చునేలా చేయించాను. మొనను వెంట్రుకవాసి కిందికి వంచించాను. మొదటివారం పది నిమిషాలు, రెండోవారం ఇరవై. నాలుగోవారానికి లోధీ తోట దాకా వెళ్లి రాగలిగాను. నాకు సెలవు ఉంది, డబ్బు ఉంది, ఎంచుకునే తీరిక ఉంది. నా శరీరం కోలుకున్నది ఈ మూడింటి వల్ల.

ఆసుపత్రిలో తీసుకున్న నంబరుకు ఫోన్ చేసి, ఒక సాయంత్రం ఆ కాపలాదారు పనిచేసే కాలనీకి వెళ్లాను. ఆయన పన్నెండో రోజునే డ్యూటీలో చేరాడట. బస్సుకు రోజూ ఖర్చవుతుంది, పైగా తెల్లవారుజామున దిగే షిఫ్టుకు బస్సు ఉండదు. మొదటి వారం మూత్రంలో రక్తం కనిపించిందని, ఆ తర్వాత తగ్గిందని మామూలుగా చెప్పాడు. గోడవారగా ఉన్న ఆయన సైకిల్ సీటుకు గోనెపట్టా చుట్టి, పైన పాత ట్యూబు బిగించి ఉంది. మొన గేదె కొమ్ములా పైకి లేచి ఉంది. ఎదురుగా ఉన్న పంక్చర్ దుకాణం నుంచి పానా అడిగి తెచ్చి, సీటు కింది నట్టు వదులుచేసి మొనను కిందికి దించాము. ఆ పనికి అయిన ఖర్చు శూన్యం, పట్టిన సమయం అయిదు నిమిషాలు. ఒక చుట్టు తిరిగి వచ్చి, "తేడా తెలుస్తోంది సాబ్" అన్నాడు. తర్వాత నా సీటును తడిమి చూస్తూ ధర అడిగాడు. నాకు సిగ్గేసి సగమే చెప్పాను. "ఆ డబ్బుకు సైకిలే వస్తుంది కదా" అన్నాడాయన.

విదేశీ సీట్లు అందరికీ పంచమని ఎవరూ అడగడం లేదు. ప్రభుత్వాలు లక్షల సైకిళ్లకు టెండర్లు పిలిచేటప్పుడు చట్రం బలంతో పాటు సీటుకు రెండు మూడు వెడల్పులు నిర్దేశించవచ్చు. పంపిణీ రోజున వేదిక పక్కన ఒక మెకానిక్‌ను కూర్చోబెట్టి, ప్రతి బాలికకూ సీటు ఎత్తు, వంపు సరిచేయించవచ్చు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో 'సైకిల్ వద్దు' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, తప్పనిసరిగా తొక్కవలసినవాడు ఏం చేయాలో నాలుగు వాక్యాలు రాయవచ్చు. సైకిల్ మీద ఉద్యోగం చేయించుకునే శాఖలు ఆ ఉద్యోగుల ఆరోగ్యాన్ని ఒక్కసారైనా పరీక్షించవచ్చు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ సీట్ల సర్దుబాటు కోసం మన పార్టీలు రాత్రుళ్లు నిద్ర మానుకుంటాయి, ఆ తలుపుల బయట మేమూ మేల్కొని ఉంటాము. పానాతో అయిదు నిమిషాల్లో అయ్యే ఈ సర్దుబాటుకు ఇన్నేళ్లలో వాళ్లకూ తీరిక దొరకలేదు, మాకూ దొరకలేదు.